గాలి బ్రేకు పితామహుడు జార్జ్ వెస్టింగ్‌హౌస్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా మహనీయుని జీవిత విశేషాలు వ్రాసి పంపమని కార్యదర్శిగారు ఫోను చేశారు. తోటి మిత్రులు దేశనాయకుల గురించీ, సంగీత విద్వాంసుల గురించీ వ్రాస్తారని నాకు తెలుసు. నేను అంత చదువుకున్నవాణ్ణి కాదు. 1972 నుంచి 2012 వరకు క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగంలో పనిచేశాను. సర్వీసులో సగం బండి కిందనే గడిచింది. అందుచేత నాకూ, నా కుటుంబానికీ అన్నం పెట్టిన పనికి మూలపురుషుడైన జార్జ్ వెస్టింగ్‌హౌస్ గురించి నాకు తెలిసిన నాలుగు మాటలు వ్రాస్తున్నాను. మధ్యలో నా సొంత గొడవ కొంత దొర్లుతుంది. పాఠకులు క్షమించాలి.

ముందుగా ఇంట్లోని ఆడవారికీ పిల్లలకూ కూడా అర్థమయ్యేటట్లు ఒక చిన్న వస్తువు గురించి చెబుతాను. దాన్ని చెక్ వాల్వ్ అంటారు. మా వాళ్ళు నాన్ రిటర్న్ వాల్వ్ అనీ, ఇంకా పొట్టిగా ఎన్నార్వీ అనీ అనేవారు. గాలినో నీటినో ఒక వైపుకే పోనిచ్చి, వెనక్కి రాకుండా అడ్డుపడడమే దాని పని. సైకిలు ట్యూబుకు గాలి కొట్టాక పంపు తీసేసినా గాలి బయటికి రాదు కదా, వాల్వు మీది చిన్న రబ్బరు గొట్టం వల్లే అది ఆగుతుంది. పొలంలో మోటారు పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వ్ కూడా ఈ జాతిదే. అది లీకయితే మోటారు నీళ్ళు ఎత్తదు. మా ఊళ్ళో రైతులు పైపులో పేడనీళ్ళు పోసి తంటాలు పడడం చిన్నప్పుడు చూశాను. ఆ మాటకొస్తే మన గుండెలో ఉన్న కవాటాలూ అవే. అవి సరిగా మూసుకోకపోతే ఏమవుతుందో మన వయసు వాళ్ళకు వేరే చెప్పనక్కర లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1846వ సంవత్సరం అక్టోబరు 6న అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని సెంట్రల్ బ్రిడ్జ్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రిది వ్యవసాయ పనిముట్లు, యంత్రాలు తయారుచేసే వ్యాపారం. తరువాత ఆ కుటుంబం షెనెక్టడీ పట్టణానికి మారింది. కుర్రవాడికి బడి చదువు కంటె తండ్రిగారి వర్క్‌షాపే బాగా వంటబట్టింది. అమెరికా అంతర్యుద్ధం వచ్చినప్పుడు చిన్న వయసులోనే సైన్యంలో చేరాడు, తరువాత నౌకాదళంలో ఇంజనీరుగా పనిచేశాడు. ఆ యుద్ధకాలంలోనే అతని అన్న ఒకడు చనిపోయాడు. యుద్ధం ముగిశాక కాలేజీలో చేర్పిస్తే మూడు నెలలకే మానేసి వర్క్‌షాపుకు తిరిగి వచ్చాడు. 1865లో, పంతొమ్మిదేళ్ళ వయసులో, గుండ్రంగా తిరిగే ఒక రకం ఆవిరి యంత్రానికి మొదటి పేటెంటు తీసుకున్నాడు. పట్టాలు తప్పిన పెట్టెలను తిరిగి పట్టాల మీదికి ఎక్కించే సాధనం ఒకటి కూడా తయారుచేశాడు. డిరెయిల్‌మెంటు జరిగిన చోట రాత్రీ పగలూ పనిచేసిన మిత్రులకు దాని విలువ తెలుసు.

ఆ రోజుల్లో రైలు ఆపడం ఎట్లాగో ఇప్పటి పిల్లలు ఊహించలేరు. ఇంజను డ్రైవరు కూత వేస్తే, బ్రేకుమన్‌లు ఒక్కో పెట్టె దగ్గరికీ పోయి చేతిచక్రం తిప్పి బ్రేకు బిగించాలి. గూడ్సు బండి అయితే వాళ్ళు పెట్టెల కప్పుల మీద నడిచి, ఒకదాని మీది నుంచి ఇంకొకదాని మీదికి దూకాలి. వాన, మంచు, చీకటి అన్న తేడా లేదు. జారి పడి చక్రాల కింద ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఎందరో. ఒకసారి వెస్టింగ్‌హౌస్ ప్రయాణిస్తున్న దారిలో రెండు గూడ్సు బండ్లు ఎదురెదురుగా ఢీకొన్నాయి. తేరుకుని చూస్తే పగటి వెలుగు, సాఫీ లైను. డ్రైవర్లు ఇద్దరూ ఒకరి బండి ఒకరు చూసుకున్నారు. కాని బ్రేకులు వేసేలోపు సమయం చాలలేదు. డ్రైవరు చేతిలోనే మొత్తం బండి బ్రేకు ఉండాలన్న ఆలోచన అతనికి అక్కడే మొదలయింది.

మొదట గొలుసులతో లాగితే ఎట్లా ఉంటుందని చూశాడు. ఆవిరితో చేద్దామనుకున్నాడు. పొడుగాటి పైపులో ఆవిరి చల్లబడి నీరవుతుంది కనుక అది కుదరలేదు. అప్పుడు ఒక పత్రికలో, ఆల్ప్స్ పర్వతాల్లో ఫ్రాన్స్, ఇటలీల మధ్య తవ్వుతున్న మాంట్ సెనీ సొరంగం గురించి చదివాడు. అక్కడ కొండను తొలిచే యంత్రాలకు శక్తి బయటి నుంచి పైపుల ద్వారా వచ్చే అదిమిన గాలి. అంత దూరం సొరంగంలోకి గాలి వెళ్ళి రాయిని పిండి చేస్తుంటే, బండి పొడుగునా వెళ్ళి బ్రేకు ఎందుకు బిగించదు? చందా కట్టించుకోవడానికి ఆఫీసుకు వచ్చిన ఒక అమ్మాయి మాట కాదనలేక ఆ పత్రిక తెప్పించుకున్నాడని చెబుతారు. చదువు ఏ రూపంలో తలుపు తడుతుందో ఎవరికి తెలుసు!

డబ్బు పెట్టేవారి కోసం చాలా తిరిగాడు. గాలితో రైలును ఆపుతానంటే పెద్ద పెద్ద రైల్వే అధికారులు నవ్విపోయారు. చివరకు పిట్స్‌బర్గ్‌లో రాల్ఫ్ బాగలీ అనే మిత్రుడు సహాయం చేశాడు. ఒక రైల్వే కంపెనీ తన ప్యాసింజరు బండిని ప్రయోగానికి ఇచ్చింది. బండి బయలుదేరి ఊరు దాటకముందే ఒక గేటు దగ్గర గుర్రపు బండి పట్టాలకు అడ్డంగా వచ్చింది. డ్రైవరు డేనియల్ టేట్ కొత్త బ్రేకు వేశాడు. బండి ఆ మనిషికి కొద్ది అడుగుల దూరంలో ఆగింది. లోపల ఉన్న పెద్దమనుషులు సీట్లలో నుంచి తూలిపడ్డారు గాని, ఆ కుదుపే కొత్త బ్రేకుకు సర్టిఫికెట్టు అయింది. 1869 ఏప్రిల్ 13న పేటెంటు వచ్చింది. అదే సంవత్సరం వెస్టింగ్‌హౌస్ ఎయిర్ బ్రేక్ కంపెనీ ఏర్పడింది. అప్పటికి అతని వయసు ఇరవై రెండు.

ఆ మొదటి బ్రేకులో ఒక పెద్ద లోపం ఉంది. గాలి ఇంజను మీది ట్యాంకులో ఉంటుంది. డ్రైవరు వాల్వు తిప్పితే ఆ గాలి పైపులో నుంచి ప్రతి పెట్టెకూ పోయి బ్రేకు బిగిస్తుంది. అయితే మధ్యలో బండి తెగినా, గొట్టం ఊడినా గాలి అంతా బయటికి పోతుంది, బ్రేకు పడదు. అంటే ప్రమాదం లేనప్పుడు బాగా పనిచేసి, ప్రమాదం వచ్చినప్పుడే చేతులెత్తేస్తుంది. వెస్టింగ్‌హౌస్ గొప్పతనమంతా ఈ లోపాన్ని దాచిపెట్టకుండా తానే సవరించుకోవడంలో ఉందని నా అభిప్రాయం. 1872లో ఆటోమేటిక్ బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. ప్రతి పెట్టె కిందా ఒక చిన్న గాలి ట్యాంకు, దాని పక్కన ట్రిపుల్ వాల్వ్ అమర్చాడు. పైపులో గాలి నిండుగా ఉన్నంతసేపు బ్రేకు వదిలి ఉంటుంది, ట్యాంకు నిండుతుంది. పైపులో గాలి తగ్గిందా, ట్యాంకులో దాచిన గాలి బ్రేకు సిలిండరులోకి దూకుతుంది. డ్రైవరు తగ్గించినా, బండి తెగి తగ్గినా ఫలితం ఒకటే. పాత పద్ధతిని పూర్తిగా తలకిందులు చేశాడన్నమాట. ట్యాంకు నింపడం, బ్రేకు వేయడం, విప్పడం అనే మూడు పనులు చేస్తుంది గనుక దానికి ట్రిపుల్ వాల్వ్ అని పేరు. ఆ కాలంలో పైపులో ఉంచిన 70 పౌండ్ల ఒత్తిడికి, మనం బ్రేకు పైపులో చూసుకున్న 5 కిలోలకు పెద్ద తేడా లేదు.

1886, 1887 సంవత్సరాల్లో అయోవా రాష్ట్రంలోని బర్లింగ్టన్ దగ్గర 50 పెట్టెల గూడ్సు బండ్లతో పెద్ద పరీక్షలు జరిగాయి. అక్కడ వెస్టింగ్‌హౌస్‌కు అవమానం జరిగింది. అర్జెంటు బ్రేకు వేస్తే ముందు పెట్టెలకు వెంటనే పడింది, ఆ కబురు చివరి పెట్టెకు చేరేసరికి ఆలస్యమయింది. వెనక పెట్టెలు ముందు పెట్టెల మీదికి వచ్చి గుద్దాయి. లోపల ఉన్నవారికి దెబ్బలు తగిలాయి. గాలితో పొడుగు బండ్లను ఆపడం కుదరదనీ, కరెంటు సాయం కావాలనీ పరీక్షకులు అభిప్రాయపడ్డారు. ఆయన అలిగి కూర్చోలేదు. కొద్ది నెలల్లోనే క్విక్ యాక్షన్ ట్రిపుల్ వాల్వ్ తయారుచేశాడు. అర్జెంటు బ్రేకు వేసినప్పుడు ప్రతి పెట్టె దగ్గరి వాల్వూ తన పక్కనున్న పైపు గాలిని తానే ఖాళీ చేసి, సొంత బ్రేకు సిలిండరులోకి తీసుకుంటుంది. దాంతో కబురు ఒక పెట్టె నుంచి ఇంకొక పెట్టెకు పరుగెత్తినట్లు పోతుంది.

నేను మొదట చెప్పిన చెక్ వాల్వ్ సరిగ్గా ఇక్కడ ఉంది. పైపు గాలి చెక్ వాల్వును పైకి ఎత్తి సిలిండరులోకి వెళుతుంది. ఆ తరువాత పైపు ఖాళీ అయితే సిలిండరులో గాలి వెనక్కి రావాలని చూస్తుంది. చెక్ వాల్వ్ కూర్చుని దారి మూసేస్తుంది. అరచేతిలో పట్టే ఆ ముక్క లేకపోతే పడిన బ్రేకు తిరిగి వదిలిపోతుంది. 1893లో అమెరికా ప్రభుత్వం రైళ్ళకు గాలి బ్రేకులు, ఆటోమేటిక్ కప్లింగులు ఉండాలని చట్టం చేసింది. కప్పుల మీద పరుగెత్తి ప్రాణాలు పోగొట్టుకునే ఉద్యోగం క్రమంగా అంతరించింది.

ఇంగ్లండులో మాత్రం చాలా కంపెనీలు వాక్యూమ్ బ్రేకు వైపు మొగ్గాయి. 1889లో ఐర్లండులోని ఆర్మా దగ్గర, ఆటోమేటిక్ కాని బ్రేకు ఉన్న విహారయాత్ర బండి పల్లంలో వెనక్కి జారి 80 మంది దాకా చనిపోయారు. ఆ సంవత్సరమే అక్కడా ఆటోమేటిక్ బ్రేకు తప్పనిసరి చేశారు. మన దేశానికి ఇంగ్లీషు వారి అలవాటే వచ్చింది గనుక మనకూ వాక్యూమే వచ్చింది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు నేర్చుకున్నది అదే. వాక్యూమ్ సిలిండరులోని చిన్న బాల్ వాల్వ్ కూడా చెక్ వాల్వే. పైగదిలోని గాలిని బయటికి లాగనిస్తుంది, బయటి గాలిని లోపలికి రానివ్వదు. ఆ బాలు చప్పుడు బట్టి సిలిండరు ఆరోగ్యం చెప్పగలనని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆ గర్వం 1980ల మధ్యలో అణిగింది. అప్పుడు కోచ్‌లకు గాలి బ్రేకులు వస్తున్నాయి. నేను పనిచేసే డిపోలో ఫీడ్ పైపు నుంచి ఆక్జిలరీ రిజర్వాయరుకు పోయే దారిలో ఉండే చెక్ వాల్వులు మార్చే పని నాకు అప్పగించారు. వాల్వు ఒంటి మీద గాలి ఎటు పోవాలో చూపించే బాణం గుర్తు ఉంటుంది. కొన్నిటి మీద దళసరిగా రంగు పడి బాణం కనబడలేదు. గీకి చూడాలి. నేను చూడలేదు. పదేళ్ళ పైన సర్వీసున్న ఫిట్టర్ని, నాకు బాణం ఎందుకనుకున్నాను. చూపు అంచనాతో బిగించేశాను.

మామూలు బ్రేకు పరీక్షలో ఏ తేడా కనబడలేదు. ఎందుకంటే బ్రేకు పైపు నుంచి డిస్ట్రిబ్యూటర్ వాల్వ్ ద్వారా కూడా రిజర్వాయరు నిండుతుంది. బ్రేకు పడింది, వదిలింది. మా మేస్త్రీ గారు పెద్దాయన. పొద్దున ఒక కోచ్ దగ్గర ఊరికే ఫీడ్ పైపు చివరి కాక్ తెరిచి, చెవి పెట్టి విన్నారు. పైపులో గాలి క్షణంలో అయిపోవాలి. కాని బుస్సుమంటూ వస్తూనే ఉంది. రిజర్వాయరు గాలి నేను తిరగేసి బిగించిన వాల్వు గుండా వెనక్కి వచ్చేస్తోంది. అంటే దారిలో బండి తెగి గొట్టాలు ఊడితే ఆ కోచ్ బ్రేకు పడి, పట్టు నిలవకుండా వదిలిపోతుంది. వెస్టింగ్‌హౌస్ 1872లో పోగొట్టిన లోపాన్ని నేను మళ్ళీ తెచ్చి పెట్టానన్నమాట.

మేస్త్రీ గారు నన్ను తిట్టలేదు. వాల్వు నా చేతనే విప్పించి, రంగు గీకించి, బాణం చూపించారు. నాకు ఒళ్ళంతా చెమట పట్టింది. అంతకు ముందు రోజు నేను ఇంకో రెండు కోచ్‌లకు అట్లాగే బిగించాను. అవి రాత్రి బండిలో వెళ్ళిపోయాయి. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. బండి తెగడం ఎప్పుడో గాని జరగదు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, అమ్మకు మందులు. సస్పెన్షనయితే ఎట్లా? రెండు నిమిషాలు బండి చక్రం పట్టుకుని నిలబడ్డాను. ఆ కోచ్‌లలో కూడా ఎవరి పిల్లలో, ఎవరి అమ్మలో ఉన్నారు కదా అనిపించింది. నడిచి వెళ్ళి సూపర్‌వైజరు గారికి చెప్పేశాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, కంట్రోలు ఫోను ఎత్తారు. ముందు స్టేషనులో ఆ రెండు కోచ్‌లూ చూశారు. ఒకటి సరిగానే ఉంది. రెండోది తిరగబడి ఉంది. సరిచేసి పంపారు. ఎవరికీ ఏమీ కాలేదు.

నాకు ఛార్జిషీటు వచ్చింది. ఇంక్రిమెంటు ఆరు నెలలు ఆగింది. నాన్ క్యుములేటివ్ గనుక పెన్షనుకు దెబ్బ తగల్లేదు. పెన్షనరు మిత్రులకు ఈ మాటలోని హాయి తెలుస్తుంది. ఆ తరువాత రిటైరయ్యే రోజు దాకా బాణం చూడకుండా ఒక్క వాల్వు కూడా బిగించలేదు. నా కింద పనిచేసిన కుర్రవాళ్ళకు మొదటి పాఠంగా నా తప్పే చెప్పేవాణ్ణి. అప్పుడే ఈ బ్రేకు కనిపెట్టిన ఆయన ఎవరో తెలుసుకోవాలని బుద్ధి పుట్టింది.

వెస్టింగ్‌హౌస్ బ్రేకులతో ఆగలేదు. 1881లో సిగ్నళ్ళ కంపెనీ, 1886లో విద్యుత్ కంపెనీ పెట్టాడు. ఎడిసన్ డి.సి. కరెంటు పట్టుకుని ఉంటే ఈయన ఏ.సి. కరెంటును నమ్మాడు. టెస్లా పేటెంట్లు కొన్నాడు. ఏ.సి. ప్రాణాంతకమని ఎదుటి పక్షం ఎంత ప్రచారం చేసినా వెనక్కి తగ్గలేదు. 1893లో షికాగో ప్రదర్శనకు దీపాలు వెలిగించాడు. నయాగరా జలపాతం దగ్గర పుట్టిన కరెంటు 1896లో బఫెలో నగరానికి చేరింది. మన రైళ్ళను లాగుతున్న 25 కిలోవోల్టుల కరెంటు కూడా ఏ.సి.యే. చిత్రమేమంటే, 1911లో అమెరికా విద్యుత్ ఇంజనీర్ల సంస్థ ఆయనకిచ్చిన పతకం పేరు ఎడిసన్ మెడల్.

కార్మికుల విషయంలో ఆయన చేసింది మన సంచికలో చెప్పి తీరాలి. 1871లోనే తన ఫ్యాక్టరీలో శనివారం ఒంటిపూట పని పెట్టాడు. అప్పటికి అమెరికాలో అది చాలా అరుదు. కంపెనీని పిట్స్‌బర్గ్ దగ్గరి విల్మర్డింగ్‌కు మార్చినప్పుడు పనివారికి మంచి ఇళ్ళు కట్టించి, వాయిదాల మీద కొనుక్కునే వీలు కల్పించాడు. ఆ కంపెనీలో తరువాత పెన్షను పద్ధతి కూడా వచ్చింది.

ఆయన చివరి రోజులు మాత్రం అంత సుఖంగా సాగలేదు. 1907లో అమెరికాలో బ్యాంకులు కుదేలైనప్పుడు విద్యుత్ కంపెనీ అప్పుల్లో పడి ఆయన చేతి నుంచి జారిపోయింది. తన పేరు పెట్టిన కంపెనీలోనే తన మాట చెల్లకపోవడం ఎంత బాధో! 1911 నాటికి దానితో సంబంధం పూర్తిగా తెగిపోయింది. బ్రేకుల కంపెనీ మాత్రం ఆ తుఫానులో నిలబడింది. 1914 మార్చి 12న న్యూయార్క్‌లో కన్నుమూశాడు. అప్పటికి 67 ఏళ్ళు. భార్య మార్గరీట్ కూడా కొద్ది నెలలకే వెళ్ళిపోయింది. 1867లో పెళ్ళాడిన ఆ ఇద్దరి తొలి పరిచయం రైలులోనే జరిగింది. ఆయన మొత్తం 361 పేటెంట్లు తీసుకున్నాడు. 1930లో పిట్స్‌బర్గ్‌లోని షెన్లీ పార్కులో ఆయనకు స్మారకం కట్టారు. అందుకు 50 వేల మందికి పైగా ఉద్యోగులు చందాలు ఇచ్చారు. యజమాని పోయిన పదహారేళ్ళకు పనివాళ్ళు జేబులోంచి డబ్బు తీశారంటే, అంతకంటె పెద్ద సన్మానం ఏముంటుంది?

ఇప్పుడు నేను పెద్దమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడల్లా మనవణ్ణి స్టేషనుకు తీసుకుపోతాను. బండి ఆగాక కింద నుంచి బుస్సుమని గాలి వదిలిన చప్పుడు వస్తుంది. పిల్లవాడు పాము అంటాడు. పాము కాదురా నాన్నా, ఒక పెద్దాయన బుద్ధి అది అని చెబుతాను. మా మేస్త్రీ గారు కాలం చేసి చాలా ఏళ్ళయింది. ఆయన చెవి, ఆ పొద్దుటి గాలి చప్పుడు మాత్రం నాకు ఇంకా వినబడుతూనే ఉన్నాయి.